అడవి కనుబొమ మీద మూడు ఊళ్లు: బాన్యోస్, కొరోయికో, ఒక్సాపంపాలలో మీకు ఏది?

ఆండీస్ పర్వతాల తూర్పు వాలును పెరూలో ‘సెహా దె సెల్వా’ అంటారు. అడవి కనుబొమ అని అర్థం. పైన మంచు కొండలు, కింద అమెజాన్ మహారణ్యం, ఆ రెంటి నడుమ ఎప్పుడూ మబ్బు కప్పుకుని ఉండే సన్నటి పచ్చని అంచు. బొలీవియాలో ఇదే అంచును యుంగాస్ అంటారు. వీపున సంచి తగిలించుకుని దక్షిణ అమెరికాకు బయలుదేరేవాళ్లు ఎక్కువమంది కొండలకు కొన్ని రోజులు, అడవికి కొన్ని రోజులు కేటాయించి, మధ్యలోని ఈ అంచును బస్సు కిటికీలోంచి చూసి దాటేస్తారు. ఆ పొరపాటు మీరు చేయకండి. ఒక్క ఊరే చూసినా సరే, అందులో నాలుగు రోజులు ఉండండి.

ఏ ఊరు అనేదే ప్రశ్న. ఈక్వడార్‌లో బాన్యోస్, బొలీవియాలో కొరోయికో, పెరూలో ఒక్సాపంపా. మూడూ సముద్రమట్టానికి 1,500 నుంచి 1,900 మీటర్ల ఎత్తు మధ్యలోనే ఉన్నాయి. మూడింటి నుంచీ అడవిలోకి దారి ఉంది. మూడింటిలోనూ రాత్రి పల్చటి దుప్పటి చాలు. అలాగని ఒకదాని బదులు ఇంకొకటి సరిపోతుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

ముందు నెల చూడండి

ఫొటోలు చూసి ఊరు ఎంచుకోకండి, వాన చూసి ఎంచుకోండి. ఇక్కడ తూర్పు గాలి అమెజాన్ మీదుగా తేమను మోసుకొచ్చి ఆండీస్ గోడకు కొట్టుకుంటుంది. పైకి లేచి, చల్లబడి, అక్కడికక్కడే కురుస్తుంది. ఆ పచ్చదనానికి, జలపాతాలకు, మబ్బులకు, విరిగిపడే కొండచరియలకు కూడా మూలం అదే.

అయితే మూడు ఊళ్లకూ వానాకాలం ఒకటి కాదు. కొరోయికోలో, ఒక్సాపంపాలో మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. డిసెంబరు నుంచి మార్చి దాకా కుండపోత. బాన్యోస్ భూమధ్యరేఖకు దగ్గర, పైగా అమెజాన్ వైపు తెరుచుకున్న లోయలో ఉంది. అక్కడ జూన్, జులైలలోనే వానలు ఎక్కువ. నవంబరు నుంచి జనవరి వరకు కాస్త తెరిపి. ఈక్వడార్ కొండ ప్రాంతానికి జూన్ నుంచి ఆగస్టు మంచి కాలమని చాలాచోట్ల రాసి ఉంటుంది. రాజధాని కీటోకు అది నిజం. అక్కడికి మూడున్నర గంటల దూరంలో ఉన్న బాన్యోస్‌కు మాత్రం కాదు. నేను ఆ మాట నమ్మి జులైలో వెళ్లాను. మూడు రోజులపాటు అగ్నిపర్వతం ఏ దిక్కున ఉందో కూడా తెలియలేదు.

కాబట్టి జూన్, జులై, ఆగస్టులలో సెలవు దొరికితే బొలీవియా లేదా పెరూ. క్రిస్మస్, సంక్రాంతి మధ్య దొరికితే ఈక్వడార్. ఈ ఒక్క లెక్కతోనే సగం నిర్ణయం అయిపోతుంది.

బాన్యోస్: మొదటిసారి వెళ్లేవారికి

పూర్తి పేరు బాన్యోస్ దె ఆగువా సాంతా. పవిత్ర జలపు స్నానాల ఊరు. ఊరి నెత్తిన 5,023 మీటర్ల తుంగురావా అగ్నిపర్వతం కూర్చుని ఉంటుంది. 1999లో అది మేల్కొన్నప్పుడు ప్రభుత్వం ఊరంతటినీ ఖాళీ చేయించింది. నెలలు గడిచినా తిరిగి రానివ్వకపోతే, 2000 జనవరిలో జనం సైనికుల కాపలాను తోసుకుని తమ ఇళ్లకు తామే వచ్చేశారు. 2006లో పెద్దగా బద్దలైంది, 2016 దాకా అడపాదడపా ఉరుముతూనే ఉంది, ఆ తర్వాత సద్దుమణిగింది. అంత బెదిరించిన కొండే ఈ ఊరికి వేడినీళ్లు ఇస్తోంది. చర్చికి కొద్ది దూరంలో, సన్నని జలపాతం కింద ఉన్న వేడినీటి కొలనులో సాయంత్రం మెడలోతు దిగి కూర్చుంటే, పైన చినుకులు, కింద వేడి. వాన పడితే రోజు పాడవని ఊరు ఈ మూడింటిలో ఇదొక్కటే.

వీధుల్లో నడుస్తుంటే గుమ్మాల దగ్గర ద్వారబంధానికి బిగించిన కొయ్య కొక్కేలు కనిపిస్తాయి. చెరకు పాకం ముద్దను కొక్కెం మీద వేసి, రెండు చేతులా లాగి, మెలితిప్పి, మళ్లీ కొక్కెం మీదికి విసురుతారు. మొదట ముదురు తేనె రంగులో ఉన్న ముద్ద గాలి పట్టేకొద్దీ లేత బంగారు రంగుకు తిరుగుతుంది, ఇంకాసేపటికి దాదాపు తెల్లబడుతుంది. విసిరిన ప్రతిసారీ కొయ్య మీద ఒక మెత్తటి దెబ్బ. మన తిరునాళ్లలో జీళ్లు లాగేది అచ్చం ఇలాగే. అక్కడ దాని పేరు మెల్కోచా. ఒక దుకాణంలో అడిగితే నా చేతికే ఇచ్చారు. నాలుగు లాగులకే భుజాలు పట్టేశాయి. ఇచ్చిన పెద్దావిడ మాత్రం పొద్దుటినుంచీ అదే పని చేస్తోంది.

ఇక్కడ చేయవలసిన పని సైకిలు యాత్ర. బాన్యోస్ నుంచి అడవి అంచున ఉన్న పుయో పట్టణం వరకు సుమారు 60 కిలోమీటర్లు, పస్తాసా నది పక్కనే, చాలావరకు పల్లం. దారి పొడవునా జలపాతాలు. అందరూ 18 కిలోమీటర్ల దూరంలోని రియో వెర్దె దాకా వెళ్లి, పైలోన్ దెల్ దియాబ్లో జలపాతం చూసి, సైకిలును ట్రక్కులో వేసుకుని తిరిగి వస్తారు. దయ్యపు కొప్పెర అని ఆ పేరుకు అర్థం. కిందికి దిగి నిలబడితే ఆ పేరు ఎందుకు పెట్టారో చెవులకే తెలుస్తుంది. సైకిలు తీసుకునేటప్పుడు దుకాణం ముందే రెండుసార్లు తొక్కి, రెండు బ్రేకులూ పట్టి చూడండి. నాకు ఇచ్చినదానికి వెనుక బ్రేకు తీగ వదులుగా ఉందని మొదటి పల్లంలో గాని తెలియలేదు. సొరంగాల దగ్గర పక్కనే పాత దారి ఉన్నచోట దానిలోనే వెళ్లండి. గట్టి వానలు పడ్డ మరుసటి రోజు ఈ రోడ్డు మీదికి రాకండి, చరియలు విరిగిపడతాయి.

బాన్యోస్‌కు ఒక లోటు ఉంది. ఇది అడవి వాకిలి మాత్రమే, అడవి కాదు. ఒక్క రోజులో అడవి చూపిస్తామనే యాత్రలు ఊరంతా అమ్ముతారు. పుయో చుట్టుపక్కల రోడ్డుకు దగ్గరగా తిప్పి సాయంత్రానికి తీసుకొచ్చేస్తారు. అడవే ముఖ్యమనుకుంటే పుయో మీదుగా తేనా, మిసవాయీ దాకా వెళ్లి, అక్కడ రెండు రాత్రులు ఉండాలి. ఇక శని ఆదివారాల్లో కీటో, అంబాతో నగరాల జనం వచ్చి పడతారు. సోమవారం నుంచి గురువారం లోపల వెళితే ఊరు మీదే అన్నట్టుంటుంది.

2024 జనవరి నుంచి ఈక్వడార్‌లో ముఠాల హింస మీద ప్రభుత్వం సైన్యాన్ని దించింది. ఆ హింస ప్రధానంగా గుయాకిల్, ఎస్మెరాల్దాస్ వంటి తీర ప్రాంతాలది. బాన్యోస్ దానికి దూరంగానే ఉంది. అయినా టిక్కెట్టు కొనేముందు ఆ వారం వార్తలు చదవండి. రాత్రి బస్సులు మానేసి పగలే ప్రయాణించండి.

కొరోయికో: ప్రయాణమే సగం

మూడింటిలో నా మనసు కొరోయికోదే. ఎందుకో చెప్పాలంటే లా పాస్ నుంచి మొదలుపెట్టాలి.

లా పాస్ నగరం 3,600 మీటర్ల ఎత్తున ఉంది. దాని విమానాశ్రయం ఎల్ ఆల్తోలో, 4,000 మీటర్లకు పైనే. దిగిన మొదటి రోజు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. రెండు మూడు రోజులు అలా ఊపిరికి మొహంవాచిన తర్వాత, బియా ఫాతిమా పేటలోని మినాసా బస్టాండుకు వెళ్లి కొరోయికో వ్యాను ఎక్కుతారు. నిండితే గాని కదలదు. అక్కడి నుంచి దారి ఇంకా పైకే పోతుంది. లా కుంబ్రె కనుమ దగ్గర ఎత్తు 4,650 మీటర్లకు చేరుతుంది. బండరాళ్లు, పొగమంచు, అక్కడక్కడా మంచు. మా డ్రైవరు అక్కడ వ్యాను ఆపి, అద్దం దించి, చిన్న సీసాలోని మద్యాన్ని నాలుగు చుక్కలు నేలమీద పోశాడు. పచమామాకు, అంటే భూదేవికి. లోపల మాటలన్నీ ఆగిపోయాయి. తర్వాత గేరు మార్చి దిగడం మొదలుపెట్టాడు.

మూడు గంటల లోపే మూడు వేల మీటర్లు దిగుతారు. మొదట చేతి తొడుగులు తీస్తారు, ఆ తర్వాత స్వెట్టరు, చివరికి కిటికీ తెరుస్తారు. రాళ్ల మీద ముందు నాచు, ఆపై గడ్డి, పొదలు, చెట్ల మీద చెట్లు, వాటిమీద వేలాడే మొక్కలు. చెవులు గడియారంలా టిక్కుమంటాయి. అరటి ఆకులు కనబడేసరికి గుండెల నిండా గాలి. ఆ ఊపిరి అంత రుచిగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. లా పాస్ జనం వారాంతాల్లో ఇక్కడికి వచ్చేది కూడా వెచ్చదనం కోసం, ఈ గాలి కోసమే.

‘మృత్యు మార్గం’ అని పేరుపడ్డ పాత రోడ్డు ఇక్కడిదే. 1930లలో బొలీవియా, పరాగ్వేల మధ్య జరిగిన చాకో యుద్ధంలో పట్టుబడ్డ పరాగ్వే సైనికుల చేత తవ్వించారు. చాలాచోట్ల వెడల్పు మూడు మీటర్లకు మించదు. పక్కన వందల మీటర్ల లోతు లోయ, అంచుకు అడ్డుగోడ లేదు. 1983లో ఒక బస్సు లోయలో పడి వందమందికి పైగా చనిపోయారు. 2006లో కొత్త రోడ్డు పడ్డాక వాహనాలు అటు మళ్లాయి. పాత దారి సైకిళ్లకు మిగిలింది. బొలీవియా అంతటా కుడివైపు నడిచే వాహనాలు ఈ దారిలో మాత్రం ఎడమవైపు నడవాలి. డ్రైవరు లోయ అంచు వైపు కూర్చుంటే చక్రం ఎక్కడుందో కళ్లారా చూసుకోగలడని ఆ నియమం పెట్టారు. ఇప్పుడు యాత్రికులు లా కుంబ్రె నుంచి యోలోసా దాకా సుమారు 64 కిలోమీటర్లు సైకిలు మీద దిగుతారు.

సైకిలు ఎక్కాలా వద్దా? ఎత్తుకు భయపడేవారు, రాళ్ల దారిలో సైకిలు తొక్కే అలవాటు లేనివారు ఎక్కవద్దని నా సలహా. ఇక్కడ సైకిళ్ల మీద వెళ్లినవాళ్లూ చనిపోయారు. ఎక్కదలిస్తే ధర తక్కువని సంస్థను ఎంచుకోకండి. బ్రేకులు ఎలా ఉన్నాయి, వెంట వాహనం వస్తుందా, ఎంతమందికి ఒక గైడు అని అడగండి. ఎక్కినవారికి ఇంకో మాట. చాలామంది యోలోసాలో భోజనం చేసి సాయంత్రానికే లా పాస్ తిరిగి వెళ్లిపోతారు. అంత దిగి, పైన కనబడుతున్న ఊరు చూడకుండా వెళ్లడం నాకు బాధగా అనిపిస్తుంది. మీ సంచి వెంట తెచ్చుకోండి. యోలోసా నుంచి కొరోయికోకు వాహనాలు దొరుకుతాయి.

నడక ఇష్టమైతే సైకిలు కన్నా ఎల్ చోరో దారి మేలు. లా కుంబ్రె నుంచే మొదలయ్యే పాత రాతి బాట, మూడు రోజుల నడక. మంచులో బయలుదేరి నారింజ తోటల్లోకి చేరతారు. మోకాళ్లు గట్టివైతేనే వెళ్లండి. దాదాపు అంతా దిగుడే, వానకు రాళ్లు జారతాయి.

ఊళ్లో చేయడానికి పెద్ద పనులు లేవు. అదే దాని సుఖం. కొండ కొమ్మున ఒక చౌకు, చుట్టూ వాలు వీధులు, ఊయలలు కట్టిన వసారాలు. పొద్దున్నే లోయ నిండా తెల్లటి మబ్బు ఉంటుంది. తొమ్మిది గంటలకు అది ముక్కలై పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. అవతలి కొండ కాసేపు మాయమై, కాసేపు బయటపడుతుంది. కాఫీ గింజలు, కోకా ఆకులు ఎండబెట్టిన పరదాలను, చినుకు పడగానే ఇంట్లోవాళ్లంతా పరుగున వచ్చి ఎత్తుకుపోతారు.

సమీపంలోని తోకాన్యా పల్లెకు తప్పక వెళ్లండి. వలస పాలనలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు అక్కడ ఉన్నారు. యుంగాస్‌లోని భూస్వాముల కోకా తోటల్లో తరతరాలు పనిచేసిన కుటుంబాలు అవి. డప్పుల మీద పాడే వారి సాయా పాట ఆ చరిత్రను మోస్తోంది. 2009 రాజ్యాంగం వారిని ఒక ప్రజగా గుర్తించింది. ఫొటో తీసేముందు అడగండి, అక్కడే ఏదైనా కొని తినండి.

బొలీవియాలో ఒక ఇబ్బంది తప్పదు. దాని పేరు బ్లోకెయో, అంటే రాస్తారోకో. ఏ కోరికల సాధనకైనా రోడ్డు మూసేస్తారు, అది పూటలో ముగియవచ్చు, వారం పట్టవచ్చు. తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు లా పాస్‌లో ఖాళీగా ఉంచుకోండి. అలాగే అడవిలోకి ఇంకా దిగి రూరెనబాకె, మదీదీ జాతీయ వనం చూడాలనుకుంటే కొరోయికో నుంచి బస్సు ప్రయాణం చాలా సుదీర్ఘం, ఒళ్లు హూనమవుతుంది. లా పాస్‌కు తిరిగి వెళ్లి చిన్న విమానం ఎక్కడమే నయం.

ఒక్సాపంపా: తీరిక ఉన్నవారికి

విదేశీ యాత్రికులు ఇక్కడ అరుదు. సెలవులకు రాజధాని లిమా నుంచి కుటుంబాలు వస్తాయి. 1857లో ఆస్ట్రియాలోని టిరోల్ నుంచి, జర్మనీలోని రైన్ తీరం నుంచి బయలుదేరిన రైతు కుటుంబాలు ఆండీస్‌ను దాటి 1859లో పొసూసో అనే లోయకు చేరాయి. వారి పిల్లలు 1891లో ఒక్సాపంపాను కట్టుకున్నారు. అందుకే ఇక్కడ వాలు పైకప్పుల చెక్క ఇళ్లు, చెక్క చర్చి, పాడి పశువులు, జున్ను. అంతకుముందు నుంచీ ఈ నేల యానెషా ప్రజలది. వారి గ్రామాలు చుట్టూ ఉన్నాయి. 2010లో యునెస్కో ఈ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఊరి పక్కనే యానచాగా చెమియెన్ జాతీయ వనం, మబ్బులో తడిసే చెట్లు, పక్షులు. పక్షుల కోసం వెళ్లేవారికి మూడింటిలో ఇదే నా మొదటి మాట. ఊళ్లో తిప్పే మోటోటాక్సీలు చాలావరకు బజాజ్ ఆటోలే. ఎక్కి కూర్చుంటే ఇంటికి దగ్గరున్నట్టు ఉంటుంది.

కష్టం ప్రయాణంలో ఉంది. లిమా నుంచి రాత్రి బస్సు, పది గంటలకు పైనే. సముద్రతీరంలో భోంచేసి కూర్చున్నవాళ్లను కొన్ని గంటల్లోనే 4,818 మీటర్ల తిక్లియో కనుమ ఎక్కించి, మళ్లీ దించుతారు. తలనొప్పి, వాంతి సాధారణం. బస్సుకు ముందు తక్కువ తినండి, నీళ్లు తాగండి. జనవరి నుంచి మార్చి మధ్య ఈ రోడ్డు మీద బురద ప్రవాహాలు వచ్చి దారి మూసుకుపోతుంది. ఆ నెలల్లో వెళ్లకండి. అక్కడికి చేరాక పొసూసోకు ఒక రోజు, కాఫీ తోటల విల్లా రికాకు ఒక రోజు ఇవ్వండి. వారం కన్నా తక్కువ సమయం ఉంటే ఒక్సాపంపా పెట్టుకోవద్దు.

శాకాహారుల మాట

బాన్యోస్‌లో చాలా తేలిక. యాత్రికుల ఊరు కాబట్టి మాంసం లేని భోజనం అడిగితే అర్థం చేసుకుంటారు. జున్ను కూరి కాల్చిన బంగాళదుంప బిళ్లలు యాపింగాచో, వేయించిన అరటికాయ ముక్కలు, కర్రపెండలం ఎక్కడైనా దొరుకుతాయి. కర్రపెండలం పుట్టింది దక్షిణ అమెరికాలోనే. మన గోదావరి జిల్లాల సగ్గుబియ్యం దాని నుంచే వస్తుంది. కొరోయికోలో కాస్త వెతకాలి, కానీ అక్కడ యాహువా ఉంది. టమాటా, ‘లొకోతో’ అనే మిరపకాయ రాతి మీద నూరి, పొయ్యి మీద పెట్టకుండా పచ్చిగానే ఇస్తారు. మొదటిసారి అన్నంలో కలుపుకున్నప్పుడు రోటి పచ్చడే అనిపించింది. ఒక్సాపంపాలో సాసేజీలు, పొగబెట్టిన మాంసం ఎక్కువ. శాకాహారులు జున్ను, గుడ్లు, పండ్ల మీద గడపాలి.

ఎక్కడైనా ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అని అడిగితే గొడ్డు మాంసం లేకుండా అనే అనుకుంటారు. కోడి ముక్క వచ్చేస్తుంది. ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని కోడినీ చేపనూ కూడా వేరుగా చెప్పాలి. సూపులు చాలావరకు మాంసం ఉడికించిన నీళ్లతో చేసినవే.

ఖర్చు, కాగితాలు, టీకా

ఖర్చు తక్కువయ్యేది బొలీవియాలో. ఈక్వడార్‌లో 2000 నుంచి అమెరికన్ డాలరే నడుస్తోంది, మార్పిడి గొడవ లేదు. అయితే చిల్లర నోట్లు ఉంచుకోండి, వంద డాలర్ల నోటును చిన్న దుకాణాల్లో తీసుకోరు. బొలీవియా, పెరూలకు చిరగని, గీతలు లేని డాలరు నోట్లే తీసుకెళ్లండి.

భారతీయ పాస్‌పోర్టుకు ఈక్వడార్ 2019 నుంచి వీసా అడుగుతోంది. పెరూ 2017 నుంచి ఒక వెసులుబాటు ఇచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాలలో ఏదైనా ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే వేరే వీసా అక్కరలేదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఒక్సాపంపా ఈ లెక్కన దగ్గరవుతుంది. బయలుదేరే ముందు ఆయా రాయబార కార్యాలయంతో మరోసారి సరిచూసుకోండి. హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా వెళితే విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి.

కోకా టీ లా పాస్‌లో తాగండి, ఎత్తుకు కాస్త హాయినిస్తుంది. ఆ పొట్లాలను మాత్రం సంచిలో వేసుకుని ఇండియా రాకండి. ఇక్కడి చట్టం ప్రకారం కోకా ఆకు మత్తు పదార్థం.

ఎల్లో ఫీవర్ టీకా చివరి నిమిషానికి వదిలేయకండి. ఈ మూడు దేశాలూ ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. టీకా పత్రం లేకుండా అక్కడి నుంచి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల దాకా విడిగా ఉంచగలరు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ముందే సమయం తీసుకుని, పాస్‌పోర్టు వెంట పట్టుకెళ్లండి. అరవై దాటినవారు, గర్భిణులు, గుడ్డు పడనివారు ముందు డాక్టరును అడగాలి. అక్కడ ఇచ్చే పసుపు పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. నాది కొరోయికో వానకు తడిసింది. ముద్ర చెరగలేదు కాబట్టి సరిపోయింది.